ఒత్తేదెవరు?

ఒత్తిడా, వొత్తిడా, వత్తిడా? పత్రికల్లో మూడూ కనిపిస్తాయి. మొదటిది నిఘంటువు మాట, రెండోది నోటి మాట, మూడోది ఆ రెంటి మధ్య నలిగిన మాట. వు, వూ, వొ, వో అచ్చతెలుగు మాటల మొదట రావని చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తేల్చింది. నోటికి ఆ సూత్రం పట్టదు. 'ఒ' అనబోయేసరికి పెదవులు గుండ్రబడి చిన్న వకారం ముందే జారిపోతుంది. అందుకే ఒకటి వొకటి అవుతుంది, ఒళ్ళు వొళ్ళు అవుతుంది. 'వత్తిడి' దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. దీపంలో వేసే వత్తి సంస్కృతపు 'వర్తి' నుంచి ప్రాకృతం మీదుగా మన ఇంటికి వచ్చింది. దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇక్కడ 'ఒత్తిడి' అనే రాస్తాను.

ఈ మాటకు సంక్రాంతి ముందు గిరాకీ పెరుగుతుంది. పండగ ఒత్తిడిని తట్టుకోవడం ఎలాగో టీవీలో వైద్యులు చెబుతారు, ఆదివారం అనుబంధాలు రాస్తాయి. ప్రయాణం, ఖర్చు, చుట్టాలు, పిండివంటలు, నడుమ ఆఫీసు ఫోన్లు. గాఢంగా ఊపిరి తీసుకోండి, నిద్ర పాడుచేసుకోకండి, అన్నీ నెత్తిన వేసుకోకండి అంటారు. అవన్నీ మంచి మాటలే. అయితే ఒత్తిడి అన్న మాటను విప్పి చూస్తే అందులో ఇంకో సలహా కనిపిస్తుంది. అది మనం మరిచిపోయినది.

ఒత్తడం అసలు ఉండేది వంటింట్లోనే. జంతికలు గొట్టంతో ఒత్తుతాం. పూరీలు ఒత్తుతాం. చెక్కలు తడిగుడ్డ మీద ఒత్తుతాం. తెలంగాణలో సర్వపిండిని గిన్నె లోపలి గోడలకు వేళ్ళతో ఒత్తుతారు. ఇక అరిసె సంగతి చూడండి. నానబోసిన బియ్యాన్ని వడకట్టి, తడి ఆరకముందే పిండి కొట్టి, జల్లించి, బెల్లం ఉండపాకం వచ్చిన క్షణంలో అందులో పోసి కలిపి, ఉండ చేసి, అరిటాకు మీద ఒత్తి నూనెలో వేస్తారు. పొంగి రంగు రాగానే తీసి, వేడి చల్లారకముందే రెండు చెక్కల మధ్య పెట్టి మళ్ళీ ఒత్తుతారు, నూనె కారిపోవడానికి. ఒక్క అరిసెకు రెండు ఒత్తులు. పాకం తిప్పే చేయి ఒకటి, పిండి పోసే చేయి ఒకటి, నూనె దగ్గర ఒకరు, చెక్కల దగ్గర ఒకరు. పాకం ఎవరికోసమూ ఆగదు గనుక ఇది ఒంటిచేత్తో వండే వంట కానే కాదు.

వంటిల్లు దాటినా ఈ క్రియకు పని తగ్గదు. ముద్ర ఒత్తుతారు. ఒక మాటను ఒత్తి పలుకుతారు. తప్పకుండా రావాలని అత్తగారు అల్లుడికి ఫోనులో ఒత్తి చెబుతుంది. కొంగుతో కళ్ళొత్తుకుంటారు. నడిచి నడిచి వచ్చిన పెద్దవాళ్ళ కాళ్ళొత్తుతారు. మన లిపిలో అక్షరం కింద చేరే రెండో హల్లు పేరూ ఒత్తే.

ఈ లిపి ఒత్తు గురించి ఒక ముచ్చట చెప్పక తప్పదు. మన చుట్టరికాల పేర్లు వరసగా రాసి చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అత్త, పిన్ని, అవ్వ, బిడ్డ, అల్లుడు. అందరి కిందా ఒత్తులే. తాతకు, మామకు, బావకు మాత్రం ఒత్తు లేదు. పండగ పూట వీధి అరుగు మీద కబుర్లాడుతూ కూర్చునేవాళ్ళు ఎక్కువగా ఈ ముగ్గురే కావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. కానీ ఒత్తు లేని పేర్లలో కోడలు కూడా ఉంది. ఇంటి బరువంతా ఎవరి మీద వాలుతుందో రాతలో కనబడదు మరి.

మళ్ళీ మాట దగ్గరికి వద్దాం. ఒత్తుకు 'ఇడి' చేరి ఒత్తిడి అయింది. ఇదే ప్రత్యయంతో పుట్టిన తోబుట్టువులున్నారు. దోచు నుంచి దోపిడి, రాచు నుంచి రాపిడి, తాకు నుంచి తాకిడి. నాలుగింటికీ ఒకే పోలిక. క్రియగా ఉన్నంతకాలం ప్రతిదానికీ చేసేవాడొకడు, పడేవాడొకడు కావాలి. దోచాడు అనగానే ఎవరు, ఎవరిని అని అడుగుతాం. నామవాచకం అయ్యేసరికి కర్త మాయమవుతాడు. 'దోపిడి జరిగింది' అన్న వాక్యంలో దొంగ ఎక్కడా లేడు.

రాజకీయ వార్తల్లో ఒత్తిడికి ఇంకా కర్త మిగిలి ఉన్నాడు. ఫలానావాళ్ళు ఫలానావాళ్ళ మీద ఒత్తిడి తెచ్చారు అంటాం. ఇంటి విషయానికి వచ్చేసరికే 'నాకు ఒత్తిడిగా ఉంది', 'ఆవిడ ఒత్తిడికి లోనైంది' అని ఊరుకుంటాం. ఒత్తేవాళ్ళు వాక్యంలోంచి తప్పుకున్నారు. ఒత్తిడి జ్వరంలా ఒంట్లో పుట్టిన జబ్బయింది. మందు కూడా ఆవిడే వేసుకోవాలి.

పాత నిఘంటువుల కాలానికి ఒత్తిడి అంటే ప్రధానంగా నొక్కుడే, ఒంటికి తెలిసే బరువే. మనసుకు సంబంధించిన అర్థం ఇంగ్లీషు 'స్ట్రెస్'కు సాటిమాటగా నిలబడ్డాక బలపడింది. ఆ స్ట్రెస్‌కూ పెద్ద కథే ఉంది. లాటిన్‌లో బిగించి కట్టడాన్ని చెప్పే 'స్ట్రింగెరె' అన్న ధాతువు నుంచి వచ్చిన కుటుంబం అది. డిస్ట్రెస్ ఆ ఇంటిదే. కఠినంగా ఉండే మాస్టారిని స్ట్రిక్ట్ అంటామే, అదీ ఆ ఇంటిదే. ఇంజనీర్లు లోహాల మీద పడే బలానికి స్ట్రెస్ అన్నారు. మన భౌతికశాస్త్ర పుస్తకాలు దానికి ప్రతిబలం అని పేరు పెట్టాయి. 1936లో హన్స్ సెల్యె అనే వైద్యుడు, మాంట్రియల్‌లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల ఆధారంగా, వేర్వేరు బాధలకు శరీరం ఒకే తీరున స్పందిస్తుందని 'నేచర్' పత్రికలో చిన్న లేఖ ప్రకటించాడు. తర్వాతి రచనల్లో ఆయనే స్ట్రెస్ అన్న మాటను వైద్యంలో పాతుకునేలా చేశాడు.

కాబట్టి ఇంగ్లీషు మాటలో ఉన్నది కట్టు, మన మాటలో ఉన్నది బరువు. కట్టు పడ్డవాడికి సడలింపు కావాలి. అందుకే ఆ భాషలో వైద్యం పేరు రిలాక్స్, వదులు చేయడం. ఊపిరి వదలండి, భుజాలు వదులు చేయండి అన్న సలహాలు ఆ కట్టుకు సరిగ్గా సరిపోతాయి. మీద బరువున్న మనిషి భుజాలు ఎంత వదులు చేసుకున్నా బరువు అక్కడే ఉంటుంది. దాన్ని దించాలి. తల మీది మోపును ఒంటరిగా దించుకోవడం ఎంత కష్టమో పొలం పనులు తెలిసినవాళ్ళను అడగండి, ఎదురుగా ఇంకొకరు నిలబడి చేయి వేయాలి.

సంస్కృతం కూడా మనలాగే నొక్కుడు వైపే మొగ్గింది. 'పీడ్' ధాతువుకు నొక్కు, పిండు అని అర్థం. అక్కడినుంచి పీడ వచ్చింది, పీడకల వచ్చింది, 'పీడ విరగడైంది' అని ఊపిరి పీల్చుకోవడం వచ్చింది. బంగాళాఖాతంలో ఏటా ఏర్పడే అల్పపీడనం కూడా ఈ ధాతువు సంతానమే. పెళ్ళికి 'పాణిపీడనం' అని ఒక పేరుంది. చేయి నొక్కి పట్టుకోవడమన్న మాట. ఇదే ధాతువు ఒకచోట బాధ, ఇంకొకచోట పెళ్ళి.

వాతావరణానిదైతే పీడనం, మనసుదైతే ఒత్తిడి, రక్తానిదైతే పోటు. రక్తపోటులోని పోటు పొడవడం నుంచి వచ్చింది. సముద్రపు ఆటుపోట్లలోనూ పోటు ఉంది. తిరుమలలో లడ్డూలు తయారయ్యే వంటశాలనూ పోటు అనే అంటారు. పండగ పిండివంటల్లో ఉప్పూ నూనే చూస్తే రక్తపోటు మాట వంటింట్లో తలుచుకోవడం మంచిదే.

మన భాష దాటి పక్క భాషలకు వెళ్తే నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఒకటి తగులుతుంది. కన్నడంలో మానసిక ఒత్తిడిని 'ఒత్తడ' అంటారు. తమిళంలో 'ఒత్తడం' అంటే కాపడం. బెణికిన చోట, వాచిన చోట వేడి గుడ్డతో మెల్లగా అద్దడం. రెండూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. వినడానికి దాదాపు ఒకటే. బెంగళూరులో అది రోగం, మదురైలో అది చికిత్స. తెలుగు మాత్రం రెండర్థాలనూ వదలలేదు. మనసును ఒత్తేదీ ఒత్తడమే, అలసిన కాళ్ళను ఒత్తేదీ ఒత్తడమే. ఎవరి చేయి, ఏ ఉద్దేశంతో, ఎంతసేపు అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది.

ఇక సెలవు అన్న మాట చూద్దాం. సంక్రాంతి సెలవులు అనగానే మనకు ఊరట. ఈ సెలవు తమిళ 'సెలవు', మలయాళ 'చెలవు'లకు తోడబుట్టింది. వాళ్ళకు ఆ మాటకు అర్థం ఖర్చు! వెళ్ళడాన్ని చెప్పే 'సెల్' ధాతువు దీనికి మూలం. చేతిలోంచి డబ్బు వెళ్తే ఖర్చు, పనిలోంచి మనిషి వెళ్తే సెలవు. తెలుగులోనూ పాత నిఘంటువులు సెలవుకు వ్యయమన్న అర్థం ఇస్తాయి. చెల్లింపు, చెల్లుబాటు, కాలం చెల్లడం ఆ కుటుంబంవే. కొత్తబట్టలు, రాకపోకల టిక్కెట్లు, కొత్త అల్లుడికి పెట్టుపోతలు, పిల్లలకు చేతిలో పెట్టే నోట్లు లెక్కవేసుకునే ఇంటి యజమానికి ఈ అర్థం నిఘంటువు చూడకుండానే తెలుసు. పండగ బాధల్లో పైకి చెప్పుకోనిది ఇదే. పిండివంటల అలసట గురించి అందరితో చెప్పుకుంటారు గానీ, అప్పు గురించి భార్యతో కూడా చెప్పరు.

ఇంత ఒత్తిడి పూర్వం లేదా? ఉండేది. వ్యవసాయపు ఇళ్ళలో వంట పని ఇప్పటికంటే ఎక్కువే. కానీ అది పరుచుకున్న స్థలం వేరు. డిసెంబరు నడిమి భాగంలో సూర్యుడు ధనుస్సులో ప్రవేశించగానే నెలగంట పెట్టేవారు. ఆ రోజు నుంచి భోగి దాకా నెల పొడుగునా పండగే. రోజుకొక ముగ్గు, గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు. ఒకరోజు బియ్యం, ఒకరోజు దంపుడు, ఒకరోజు సున్నం, ఒకరోజు ఎర్రమన్ను. పని నెల మీద పలచగా పరుచుకునేది. ఇప్పుడు ఆ నెలంతటినీ మూడు రోజుల సెలవులోకి కుక్కాం. పని అంతే, జాగా తగ్గింది. ఒత్తిడి అంటే ఇంజనీరైనా ఇదే చెబుతాడు.

ఊరికి వెళ్ళే దారి కూడా అలాగే కుంచించుకుంది. రైలు టిక్కెట్టు ముందస్తు గడువు 120 రోజులుండేది. 2024 నవంబరు 1 నుంచి 60 రోజులైంది. భోగికి గోదావరి జిల్లాలు చేరాలంటే నవంబరు నడుమ ఒక ఉదయం ఫోను పట్టుకుని కూర్చోవాలి, నిమిషాల్లో వెయిటింగ్ లిస్టు. రోడ్డున పోదామంటే హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు ముందు బారులు తీరిన కార్లు. సంక్రాంతి అన్న మాటకు అర్థం చక్కగా దాటి వెళ్ళడం. సూర్యుడు మకరంలోకి దాటుతాడు, మనం పంతంగి దాటుతాం. రోగం సంక్రమించడం, ఆస్తి సంక్రమించడం కూడా ఈ కుదురులోవే గనుక, కారులో ఒకరి చిరాకు మిగతా అందరికీ సంక్రమించడంలో వింత లేదు.

ఒత్తిడికి ఎదురుగా పండగ పూట మనం వాడే మాట సందడి. ఇల్లంతా సందడి, ఊరంతా సందడి. ఇది ఒట్టి ఆనందపు మాట అనుకుంటాం. దీని తొలి అర్థం జనసమ్మర్దం, గుంపు, తొక్కిడి. తమిళంలో 'సందడి' జనం అలికిడి, రద్దీ. కన్నడంలో 'సందణి' అంటే గుంపు. సందట్లో సడేమియా అన్న సామెతలో ఆ గుంపు ఇప్పటికీ ఉంది. అంటే ఈ మాటా పుట్టుకతో ఇరుకే. నలుగురు ఒకరినొకరు ఒత్తుకుంటూ మసలే ఇరుకు కాలక్రమంలో సంతోషమైంది, ఒత్తిడి మాత్రం బాధ వైపు జారింది.

తెలంగాణ పల్లెల్లో సకినాలు చుట్టడం చూసినవాళ్ళకు ఈ తేడా కళ్ళకు కడుతుంది. నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండి. నేల మీద పరిచిన గుడ్డ. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని వేళ్ళ మధ్య నుంచి పిండిని తిప్పుతూ చుట్టలు చుట్టలుగా వేస్తారు. ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. నడుములు నొప్పెడతాయి, మోకాళ్ళు పట్టేస్తాయి, అయినా ఆ సాయంత్రాన్ని అందరూ సందడి అనే అంటారు. అదే పిండిని అపార్టుమెంటులో ఒక్కామె రాత్రి పదకొండింటికి కలిపితే మనం దానికి వాడే మాట ఒత్తిడి. పిండి కొలత రెండుచోట్లా ఒకటే.

ఇళ్ళలో ఆడవాళ్ళు ఒత్తిడి అన్న మాట అంతగా వాడరు. 'హైరానా పడిపోతున్నాను', 'ఊపిరి సలపడం లేదు' అంటారు. హైరానా అరబ్బీ, పారసీల మీదుగా వచ్చింది. 'హైరాన్' అంటే దిక్కుతోచనివాడు, దిగ్భ్రమలో ఉన్నవాడు. మనం దాన్ని ఒంటి అలసటకు మార్చుకున్నాం. అయినా పాత అర్థం లోపల మెదులుతూనే ఉంటుంది. ముందు ఏ పని అందుకోవాలో తోచకపోవడమే కదా సగం అలసట. హైరానా పడుతున్న మనిషికి రెండు చేతుల సాయం ఒక్కటే చాలదు. ఏం చేయాలో తనే గుర్తుపెట్టుకుని, తనే పురమాయించే బాధ్యత కూడా ఎవరో పంచుకోవాలి. 'ఏం చేయమంటావో చెప్పు, చేస్తాను' అని నిలబడే భర్త మంచివాడే. ఆ చెప్పడం కూడా ఒక పనేనని గ్రహిస్తే ఇంకా మంచివాడు.

పండగకు మనకున్న ఇంకో పేరు పబ్బం. సంస్కృత 'పర్వం' ప్రాకృతంలో నలిగి పబ్బమైంది, కన్నడంలో ఆ పకారం హకారమై 'హబ్బ' అయింది. పర్వం అంటే మొదట కణుపు. వెదురు కణుపు, చెరకు కణుపు, వేలి కణుపు. అక్కడినుంచి కాలం కణుపులైన అమావాస్య, పౌర్ణమి, ఆ పైన పండగ. భారతంలోని 18 పర్వాలూ కణుపులే. సంక్రాంతికి చెరకు గడ నమిలే పిల్లవాడికి కణుపు పళ్ళకు అడ్డం పడే గట్టి చోటు. నాటే రైతుకు మాత్రం అదే ప్రాణం. నాటే చెరకు ముక్కల (ముచ్చెల) మీది కన్ను మొలిచేది కణుపు దగ్గరే. ఏడాదిలో పండగలు గట్టిగా ఉన్నాయని తీసేయమనే ఆలోచన నాకు అందుకే నచ్చదు.

అయితే 'పబ్బం గడుపుకోవడం' అని ఒక నానుడి ఉంది. ఇప్పుడు దాన్ని స్వార్థానికి వాడుతున్నాం. అక్షరాలా చూస్తే ఎలాగోలా పండగ దాటించడం. లేనివాళ్ళకు పండగ ఎప్పుడూ దాటించవలసిన వస్తువే. గడవడం, గడపడం, ఇంటి గడప ఒక కుదురులోవి, అన్నిటిలోనూ దాటడం ఉంది. పండగ గడుస్తుంది, గండమూ గడుస్తుంది. క్రియ ఒకటే కావడంలో ఎన్ని ఇళ్ళ వెత దాగిందో.

చివరగా రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడాలి: తీరిక, తెరిపి. తీరిక తీరడం నుంచి వచ్చింది. అప్పు తీరినట్టు పని తీరాలి, అప్పుడు గాని తీరిక లేదు. పండగ పని తీరదు గనుక పండగలో తీరిక ఉండదు. తెరిపి తెరవడం నుంచి వచ్చింది. కన్నడంలో 'తెరపు' అంటే ఖాళీ జాగా. ముసురు పట్టిన రోజున వాన కాసేపు ఆగితే తెరిపి ఇచ్చింది అంటాం. మబ్బు పోలేదు, మళ్ళీ కురుస్తుంది, ఈ మధ్యలో మాత్రం బయటికి వెళ్ళి రావచ్చు. తీరికను మనమే చేసుకుంటాం, తెరిపిని ఎవరో ఇవ్వాలి. ఒత్తడానికి కర్త ఉన్నట్టే తెరిపికీ ఒక దాత ఉన్నాడు. పండగలో అలసిన మనిషికి పని తీరేదాకా ఆగమనడం కన్నా, మధ్యాహ్నం ఒక గంట తెరిపి ఇవ్వడం చేయదగ్గ పని.

పెద్దలు ఆ తెరిపిని పండగలోనే ఒక రోజుగా అమర్చారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ప్రయాణాలు కూడదు. ఎద్దులకు కాడి దించి, కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మేత పెట్టి వదిలేస్తారు. ఇప్పుడు తిరుగు టిక్కెట్లు కనుమకే దొరుకుతున్నాయి గనుక కాకి కదలకపోయినా మనం కదులుతున్నాం. ఇంకో సంగతీ ఉంది. కనుమ నాడు మినుము తినాలన్న మాట ఎక్కడా సడలలేదు, గారెలు తప్పవు. కాడి దిగిన ఎద్దు చెట్టు నీడన నెమరువేస్తుంటే, భోగి నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి మూడో రోజు కూడా అక్కడే ఉంటోంది. సంక్రాంతి రాత్రి పప్పు నానబోసేటప్పుడే, తెల్లారి దాన్ని కడిగి రుబ్బేదెవరో, గారెలు తట్టేదెవరో పేర్లు పెట్టి అనుకుంటే బాగుంటుంది. అందులో బావ పేరు, మామగారి పేరు కూడా ఉండాలి.